లహ్‌బాబ్ ఇసుకలో చివరి అరగంట

దుబాయ్ నుంచి హత్తా వెళ్లే దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరాన లహ్‌బాబ్ వస్తుంది. అక్కడి ఇసుక ఎర్రన. సముద్రం ఒడ్డున ఉండే తెల్లటి ఇసుకలో గవ్వల పొడి, సున్నపు రేణువులు ఎక్కువ. లోపలి ఎడారిలో ఉన్నది ఎక్కువగా క్వార్ట్జ్. దాని మీద ఇనుప ఆక్సైడ్ పలచటి పూతలా పట్టి ఉంటుంది, అంటే తుప్పు రంగే. నవంబరు వచ్చి ఎండలు తగ్గాక, వారాంతపు సాయంత్రాల్లో ఈ దిబ్బల మీద నెలలు నిండుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. నేల మీద పారాడే గౌన్లు వేసుకున్నవాళ్లు కొందరు, సీమంతం చీరతో, చేతినిండా గాజులతో దిగినవాళ్లు కొందరు. గల్ఫ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో, కడుపుతో ఉన్నప్పుడు ఫొటోలు దిగే మెటర్నిటీ షూట్ ఇప్పుడు సీమంతం పక్కనే మరో తంతు.

వచ్చినవాళ్లలో చాలామంది కోరేది ఒకే ఫొటో. దిబ్బ అంచున ఆమె నిలబడాలి, వెనక పెద్ద సూర్యబింబం ఉండాలి. ఆ ఫొటో వెనక చిన్న లెక్క ఉంది. ఆకాశంలో సూర్యుడు మనకు కనిపించే వెడల్పు అర డిగ్రీ పైచిలుకు మాత్రమే. అస్తమించేటప్పుడు పెద్దగా అనిపించడం మన మెదడు భ్రమ, కెమెరాకు ఆ భ్రమ లేదు. వంద మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి పక్కన సూర్యుడు 93 సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువంత కనిపిస్తాడు. కాబట్టి బింబం ఆమె నడుము చుట్టూ పట్టాలంటే ఫొటోగ్రాఫర్ అంత దూరం వెళ్లి దూరాన్ని దగ్గరచేసి చూపే పెద్ద టెలిఫొటో లెన్స్ వాడాలి. దగ్గర నుంచి ఫోన్‌తో తీస్తే వచ్చేది చుక్కే. ఇంత కష్టపడి తీశాక దొరికేది నల్లటి నీడబొమ్మ. ఎడారిలో దొరికే వెలుగును ఖర్చు చేసే పద్ధతుల్లో ఇదే అన్నిటికన్నా దండగ అని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పేముందు చేతిలో ఎంత సమయం ఉందో చూద్దాం.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. కానీ నిట్టనిలువుగా దిగడు, ఏటవాలుగా దిగుతాడు. భూమధ్యరేఖకు దూరం వెళ్లేకొద్దీ ఆ వాలు పెరుగుతుంది. డిసెంబరులో లండన్‌లో సూర్యుడు 6 డిగ్రీల ఎత్తు నుంచి నేలను తాకడానికి 50 నిమిషాలకు పైగా తీసుకుంటాడు. దుబాయ్‌లో ఆ పని అరగంటలో అయిపోతుంది, హైదరాబాద్‌లో ఇంకో రెండు నిమిషాలు ముందే. సూర్యుడు ఇలా కిందికి దిగి వెలుగు బంగారు రంగులో ఉండే సమయాన్ని ఫొటోగ్రాఫర్లు 'గోల్డెన్ అవర్' అంటారు. ఆ మాట పట్టుకుని గంట ఉంటుందనుకోవద్దు, మన వైపు అది అరగంటే. పైగా చివర్లో సూర్యుడు మోసం చేస్తాడు. కింది అంచు నేలను తాకినట్టు కనిపించేసరికి, నిజానికి బింబం దాదాపు మొత్తం క్షితిజానికి కిందే ఉంటుంది. గాలి పొరలు కాంతిని వంచి అర డిగ్రీ పైకెత్తి చూపిస్తాయి.

ఆ అరగంట బంగారు రంగు ఎక్కడిది? నడినెత్తిన ఉన్న సూర్యుడి కాంతి దాటే గాలిని ఒక వంతు అనుకుంటే, 5 డిగ్రీల ఎత్తులో అది పది వంతులు, క్షితిజం దగ్గర 38 వంతులు. గాలి అణువులు కాంతిని చెదరగొట్టే తీరును 1871లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టాడు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, గాలి అణువుల వల్ల పోయేది మాత్రమే లెక్కేస్తే, నీలంలో పదోవంతు మిగులుతుంది, ఎరుపులో సగానికి పైగా మిగులుతుంది. ఒంటి మీద పడే వెచ్చటి రంగు అదే.

దుమ్ము ఎంత ఎక్కువుంటే సూర్యాస్తమయం అంత ఎర్రగా ఉంటుందని చాలామంది నమ్మకం. ఎడారిలో ఈ లెక్క తప్పుతుంది. దుమ్ము రేణువులు కాంతి తరంగాల కన్నా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు సమానంగా, ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. వాయవ్యం నుంచి దుమ్ము మోసుకొచ్చే శమాల్ గాలి వీచిన మర్నాడు సూర్యుడు ఇంకా ఎత్తులో ఉండగానే పాలిపోయిన బిళ్లలా మారి మసకలో కలిసిపోతాడు. మంచి రంగు కావాలంటే వాన పడి గాలి కడిగినట్టున్న రోజును చూసుకోవాలి. (దుమ్ము మరీ సన్నదైతే కథే తిరగబడుతుంది. 2015 ఏప్రిల్‌లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద తీసిన సూర్యాస్తమయంలో సూర్యుడి చుట్టూ ఉన్నది నీలం!)

ఇంత దూరం నుంచి వడకట్టుకుని వచ్చిన రంగును కెమెరా ఒక్క క్షణంలో పాడుచేయగలదు. ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును కెమెరా తానే సరిచేసే అమరిక) పెట్టి ఉంటే, ఇదేదో లోపం అనుకుని పసుపును తీసేసి మధ్యాహ్నంలా సరిచేస్తుంది. 'డేలైట్' మీద పెడితే చాలు, ఆ బంగారం మిగులుతుంది.

రంగు కన్నా విలువైనది ఆకారం. మెటర్నిటీ ఫొటోలో చూపించాల్సింది గుండ్రదనం, ఫొటో ఏమో చదునైనది. ఆ చదునులో మెదడు గుండ్రదనాన్ని వెతుక్కునేది నీడల్లోనే. తమిళనాడులో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో దీన్ని తేలిక బొమ్మలతో చూపించారు. పైభాగం తెల్లగా, కిందకు వచ్చేకొద్దీ నల్లగా ఉన్న వృత్తం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అదే బొమ్మను తలకిందులు చేస్తే గుంటలా కనిపిస్తుంది. వెలుగు ఒక్క చోటి నుంచే, పైనుంచే వస్తుందని మెదడు ముందే తీర్మానించుకుంటుంది మరి.

దీన్ని దిబ్బ మీదకు తీసుకువద్దాం. మధ్యాహ్నం పూట కడుపు పైభాగం తెల్లబారిపోతుంది, కింద నల్లటి గీత పడుతుంది, కళ్లు గుంటల్లోకి పోతాయి. సూర్యుడు సరిగ్గా వెనకుంటే అంచు మాత్రం మెరుస్తుంది, లోపల ఏమీ ఉండదు. అదే సూర్యుడు ఆమె పక్కకు వస్తే వెలుగు కడుపు మీద ఒక వైపు నుంచి మెల్లగా తగ్గుతూ రెండో వైపు నీడలో కలుస్తుంది. చీర మడతలు, గాజుల అంచులు, కాళ్ల కింద ఇసుక మీది అలలు, అన్నీ ఒకేసారి లేచి నిలబడతాయి. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు పదకొండు రెట్లు సాగుతుంది, అందుకే వేలెడు ఎత్తు లేని ఇసుక అల కూడా ఫొటోలో లోతుగా కనిపిస్తుంది. నీడ వైపు మరీ నల్లబడకుండా ఎర్ర ఇసుకే చూసుకుంటుంది. కింద నుంచి వెచ్చటి వెలుగును తిప్పికొట్టి గడ్డం కింద, కడుపు కింద నింపుతుంది. పచ్చిక మీద నిలబెడితే ఇదే పని ఆకుపచ్చ రంగుతో జరుగుతుంది, చర్మానికి అది నప్పదు.

పక్క నుంచి చూస్తే కనిపించే ఆ నడుము వంపుకు కూడా చరిత్ర ఉంది. కడుపు పెరిగేకొద్దీ బరువు ముందుకు జరుగుతుంది, పడిపోకుండా నడుము వెనక్కి వంగుతుంది. ఆ వంపు స్త్రీలలో మూడు వెన్నుపూసల మీద, పురుషుల్లో రెండింటి మీద పరుచుకుని ఉంటుందని 2007లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇరవై లక్షల ఏళ్లు దాటిన ఆస్ట్రలోపిథెకస్ (రెండు కాళ్ల మీద నడిచిన ఆదిమ మానవ జాతి) శిలాజాల్లోనూ ఈ తేడా గుర్తించారు. రెండు కాళ్ల మీద నడుస్తూ బిడ్డను మోయడానికి ప్రకృతి చేసిన సర్దుబాటు ఇది.

ఆ సర్దుబాటు గట్టినేలకు సరిపోతుంది. ఇసుక వేరు. అదే వేగంతో ఇసుకలో నడవడానికి గట్టినేల మీద కన్నా 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి కావాలని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచారు. కడుపుతో ఉన్నప్పుడు శరీరంలో రక్తం అప్పటికే 45 శాతం దాకా పెరిగి, గుండె అదనంగా పనిచేస్తూ ఉంటుంది. కాబట్టి దిబ్బను ఎటు నుంచి ఎక్కాలన్నది ఫొటోగ్రాఫర్ ఇష్టానికి వదలకూడదు. గాలి వచ్చి తగిలే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా ఉంటుంది. అవతలి వైపు 32-34 డిగ్రీల జారుడు, అడుగు వేస్తే కాలు దిగబడుతుంది. అటు ఎక్కనే కూడదు. ఇసుకలో వెల్లకిలా పడుకోబెట్టే భంగిమలూ వద్దు. ఆఖరి నెలల్లో గర్భాశయం బరువు, కాళ్ల నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర మీద పడి తల తిరుగుతుంది. పడుకోవాల్సి వస్తే ఎడమ పక్కకు ఒరగాలి. ఎక్కువసేపు కదలకుండా నిలబెట్టినా రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగవచ్చు, మడత కుర్చీ వెంట ఉండాలి. జీపులో దిబ్బల మీద ఎగిరెగిరి పడే డ్యూన్ బాషింగ్ సంగతి సరేసరి, దాని ఊసే ఎత్తొద్దు. అందుకే తారురోడ్డుకు దగ్గరగా ఉన్న చిన్న దిబ్బే నయం, ఫొటోలో దాని ఎత్తు ఎవరికీ తెలియదు.

సూర్యుడు మునగగానే చాలామంది సామాన్లు సర్దేస్తారు. నా లెక్కలో అసలు ఫొటోలు అప్పుడు మొదలవుతాయి. నేల చల్లబడుతుంది, వేడిగాలి పైకి లేవడం ఆగుతుంది, దాంతో చాలా సాయంత్రాలు గాలి పడిపోయి ఇసుక ఎగరడం మానేస్తుంది. అప్పుడు ఆమెను పడమరకు తిప్పాలి, కెమెరా తూర్పును చూడాలి. పడమటి ఆకాశమంతా ఒకే పెద్ద దీపమై ముఖం మీద మెత్తటి వెలుగు పడుతుంది, కళ్లు చికిలించాల్సిన పని లేదు. ఆమె వెనక తూర్పున, నేలకు ఆనుకుని ముదురు నీలిబూడిద పట్టీ లేస్తుంది. అది భూమి నీడ, గాలి మీద పడుతున్నది. దాని పైన గులాబీ పట్టీ, బెల్ట్ ఆఫ్ వీనస్. ఇళ్లు, చెట్లు అడ్డంలేని ఎడారిలో ఇది కనిపించినంత తేటగా నగరంలో కనిపించదు.

ఇంకాసేపటికి నడినెత్తి ఆకాశం ముదురు నీలమవుతుంది. ఆ నీలం ఎక్కువభాగం రేలీ చెప్పిన చెదరడం వల్ల కాదు, ఓజోన్ వల్ల. ఓజోన్ పొరను ఏటవాలుగా దాటే కాంతిలోంచి నారింజ, పసుపు రంగులను అది పీల్చేస్తుందని 1953లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్‌బర్ట్ లెక్కలతో చూపించాడు. సూర్యుడు మునిగినప్పటి నుంచి పాతిక నిమిషాల్లో వెలుగు సుమారు నూరో వంతుకు పడిపోతుంది. అంటే నాలుగు నిమిషాలకోసారి దాదాపు సగమవుతుంది, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) సరిచూస్తూనే ఉండాలి.

అసుర సంధ్యవేళ కడుపుతో ఉన్న పిల్ల బయట తిరగకూడదని ఊళ్లో అమ్మమ్మ ఫోన్‌లో అంటుంది. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, ఈ ఎడారిలో ఆ మాటకు మరో ఆధారం ఉంది. ఇక్కడి కొమ్ముల రక్తపింజరి కళ్లు మాత్రమే బయటపెట్టి ఇసుకలో పూడుకుని ఉంటుంది, తిరిగేది ఎక్కువగా రాత్రిపూట. తేళ్లూ అంతే. చలికాలంలో వీటి కదలిక తగ్గుతుంది, ఆగిపోదు. ఫొటో కోసం విప్పిన చెప్పులు తిరిగి వేసుకుని, టార్చ్ వేసుకుని, ఎక్కిన దారినే దిగాలి. భర్త చేయి ఆమె చేతిలో ఉండాలి, కెమెరా సంచి ఇంకెవరైనా మోస్తారు.