కీమో, కరెంటు, ఛాతీలో నీరు: అపోహలు - వాస్తవాలు

మా విభాగంలో ఎక్కువగా చూసేది ఊపిరితిత్తుల క్యాన్సర్. ఈమధ్య పేషెంటు ఫైలుతో పాటు పిల్లల ఫోన్లో వాట్సాప్ ఫార్వర్డులు కూడా ఓపీకి వస్తున్నాయి. అవన్నీ పచ్చి అబద్ధాలని కొట్టిపారేయలేం. చాలావాటి వెనక నిజమైన పరిశోధనే ఉంటుంది. ఎవరి మీద చేశారు, దేంతో పోల్చారు, ఏం కొలిచారు అన్న మూడు ముక్కలు మాత్రం దారిలో రాలిపోతాయి. తరచూ వినే కొన్ని మాటలకు ఆ మూడూ తిరిగి చేర్చి రాస్తున్నాను.

అపోహ: కీమో నూటికి ఇద్దరికే పనిచేస్తుందని డాక్టర్లే ఒప్పుకున్నారు.

ఈ అంకె ఎవరో కల్పించింది కాదు. 2004లో ముగ్గురు ఆస్ట్రేలియా డాక్టర్లు ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లను కలిపి చూస్తే, ఐదేళ్లు బతకడంలో కీమో వాటా ఆస్ట్రేలియాలో 2.3 శాతం, అమెరికాలో 2.1 శాతం అని లెక్కగట్టారు. "97 శాతం మందికి కీమో వృథా" అనే మెసేజ్ పుట్టింది ఇక్కడే.

ఆ లెక్కలో ఎవరున్నారో చూడండి. తొలి దశలో ఆపరేషన్‌తోనే నయమై కీమో అవసరమే పడనివాళ్లు కూడా ఉన్నారు. కీమోయే ప్రధాన వైద్యమైన లుకేమియాను (ఒక రకం రక్త క్యాన్సర్) మాత్రం కలపనే లేదు. మోకాలి ఆపరేషన్‌తో నడక వచ్చినవాళ్లను లెక్కపెట్టి ఊరి జనాభా మొత్తంతో భాగించినట్టుంది. అదే వ్యాసంలో వృషణాల క్యాన్సర్‌కి, హాడ్జ్‌కిన్ లింఫోమాకి (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఆ వాటా 40 శాతం దగ్గరుంది. ఆ పట్టికను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

మరి ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి? ముదిరిన దశలో లాభం చిన్నదే, దాచడానికేం లేదు. 2008లో 16 అధ్యయనాల్లోని 2,714 మంది పేషెంట్ల వివరాలు కలిపి చూశారు. కీమో లేకుండా మిగతా వైద్యం మాత్రమే అందినవాళ్లలో ఏడాది తర్వాత 20 శాతం మంది బతికున్నారు. కీమో కూడా అందినవాళ్లలో 29 శాతం. ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీ మందులు రాకముందు లెక్కలివి. ఈ అంకెలు చెబితే కొందరు "ఇంతేనా సార్" అంటారు. ఇంకొకరు "అమ్మాయి పెళ్లి మాఘమాసంలో ఉంది, అప్పటిదాకా లాగితే చాలు" అంటారు. అంకె ఒకటే అయినా ఎవరి నిర్ణయం వాళ్లది. ఇద్దరినీ తప్పుపట్టలేను.

అపోహ: డోసు పెంచితే ఫలితం కూడా పెరుగుతుంది.

"కరెంటు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ పెట్టండి" అని అడిగేవాళ్లున్నారు. రేడియేషన్‌ని మనవైపు కరెంటు పెట్టడం అనే అంటారు కదా. ఇదే ఆలోచన ఒకప్పుడు డాక్టర్లకూ ఉండేది. ఆపరేషన్‌కి వీలుకాని మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, కీమోతో పాటు ఇచ్చే రేడియేషన్ 60 గ్రే (రేడియేషన్ డోసు కొలత) బదులు 74 గ్రే ఇస్తే ఎలా ఉంటుందని అమెరికాలో పరీక్షించారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. 60 గ్రే తీసుకున్నవాళ్లలో సగం మంది 28.7 నెలలు దాటి బతికారు. 74 గ్రే వైపు అది 20.3 నెలలే. గుండెకు ఎక్కువ డోసు తగిలినవాళ్లు తక్కువ కాలం బతికారని విశ్లేషణలో కనబడింది.

ఆపరేషన్ తర్వాత "ఎందుకైనా మంచిదని" కరెంటు పెట్టడం కూడా ఇలాంటిదే. 1998లో తొమ్మిది అధ్యయనాలు కలిపి చూస్తే, రెండేళ్లకు బతికున్నవాళ్లు 55 శాతం నుంచి 48 శాతానికి తగ్గారు. అవి పాత మిషన్లు అని వాదించవచ్చు, అందులో న్యాయం ఉంది. ఆ తర్వాత యూరప్‌లో 501 మందిపై కొత్త పద్ధతులతో మళ్లీ చూశారు. చెప్పుకోదగ్గ లాభం అప్పుడూ రాలేదు.

కీమో డోసు విషయంలో జరిగింది ఇంకా చేదు. రొమ్ము క్యాన్సర్‌కి విపరీతమైన డోసులో కీమో ఇచ్చి, తర్వాత మూలుగ కణాలు ఎక్కించే పద్ధతికి 1990లలో అమెరికాలో పెద్ద గిరాకీ ఉండేది. 1999లో పెద్ద అధ్యయనాలు లాభం చూపలేకపోయాయి. దక్షిణాఫ్రికాకు చెందిన డాక్టర్ వెర్నర్ బెజ్వోడా అధ్యయనం మాత్రం అద్భుతం అంది. అమెరికా నుంచి ఒక బృందం జొహన్నెస్‌బర్గ్ వెళ్లి రికార్డులు తెరిచి చూసింది. 2000లో ఆయన తప్పుడు వివరాలు ఇచ్చానని ఒప్పుకున్నాడు. పదిమంది ఒక మాట, ఒక్కరు ఇంకో మాట చెబుతుంటే ఆ ఒక్కరి ఫైళ్లు ముందు చూడాలనిపిస్తుంది నాకు.

అపోహ: టాబ్లెట్ ఉండగా కీమో ఎందుకు? రిపోర్టు వచ్చేలోపు టాబ్లెట్ మొదలుపెట్టేద్దాం.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి వాడే జెఫిటినిబ్ లాంటి టాబ్లెట్ల గురించిన మాట ఇది, రిపోర్టు అంటే జన్యు పరీక్షది. దీనికి జవాబు ఒక గ్రాఫులో ఉంది, కాస్త ఓపిగ్గా చూడండి. 2009లో అచ్చయిన ఐపాస్ అధ్యయనంలో తూర్పు ఆసియా దేశాల నుంచి 1,217 మంది పాల్గొన్నారు. అందరిదీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అడినోకార్సినోమా అనే రకం. వాళ్లు పొగ తాగనివాళ్లు, లేదంటే ఎప్పుడో కొద్దిగా తాగి మానేసినవాళ్లు. సగం మందికి జెఫిటినిబ్ టాబ్లెట్, మిగతా సగానికి రెండు మందుల కీమో ఇచ్చారు. సగం మందికి జబ్బు మళ్లీ పెరగడానికి పట్టిన కాలం టాబ్లెట్‌తో 5.7 నెలలు, కీమోతో 5.8 నెలలు. ఇక్కడితో చదవడం ఆపేస్తే రెండూ ఒకటే అనుకుంటాం.

గ్రాఫు మాత్రం వేరే కథ చెబుతుంది. మొదటి ఆరు నెలలు కీమో గీత పైన నడుస్తుంది. అక్కడ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి, ఆపైన టాబ్లెట్ గీతే పైన. ఏడాది గడిచేసరికి జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు టాబ్లెట్ వైపు పాతిక శాతం దాకా, కీమో వైపు 7 శాతం లోపు. గీతలు ఇలా దాటుకుంటే, రెండు వేరు వేరు రకాల పేషెంట్లు ఒకే గుంపులో కలిసిపోయారేమోనని అనుమానించాలి. కణాలను పెరగమనే ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందా అన్న పరీక్ష ఫలితాన్ని బట్టి విడదీస్తే విషయం బయటపడింది. మార్పు ఉన్నవాళ్లలో టాబ్లెట్‌తో 71 శాతం మందికి, కీమోతో 47 శాతం మందికి గడ్డ తగ్గింది. మార్పు లేనివాళ్లలో టాబ్లెట్‌తో తగ్గింది నూటికి ఒక్కరికి. కీమోతో 23.5 శాతం మందికి.

ముక్క పరీక్ష రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో తెలుసు. అయినా, ఆగగలిగే పరిస్థితి ఉన్నప్పుడు ఎంత బతిమాలినా ఊహ మీద టాబ్లెట్ రాయను.

ఇక మార్పు ఉన్నవాళ్లకు కీమో అక్కర్లేదా అంటే, అదీ అంత తేలిక కాదు. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 350 మందిలో టాబ్లెట్ ఒక్కటే ఇవ్వడాన్ని, కీమో కలిపి ఇవ్వడాన్ని పోల్చి 2020లో ఫలితాలు ఇచ్చారు. జబ్బు అదుపులో ఉన్న కాలం 8 నెలల నుంచి 16కి పెరిగింది. తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి. మనదేశపు పేషెంట్ల మీద, మనకు అందుబాటులో ఉండే మందులతో చేసిన పని కాబట్టి దీనికి నేను ఎక్కువ విలువిస్తాను. డెబ్బై ఐదేళ్లు దాటి, మంచం దిగడానికే ఆయాసపడే మనిషికి మాత్రం దీన్ని యథాతథంగా అంటగట్టను.

అపోహ: స్కాన్‌లో గడ్డ అదుపులో ఉందంటే ఆయుష్షు పెరిగినట్టే.

పెరగొచ్చు, పెరగకపోవచ్చు. బెవాసిజుమాబ్ అనే మందు కీమోకి తోడైతే ముదిరిన రొమ్ము క్యాన్సర్ పెరగకుండా ఉండే కాలం సుమారు రెట్టింపైంది. 2008లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఆయుష్షు పెరిగినట్టు రుజువు కాకపోవడంతో 2011లో ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. అదే మందు ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆయుష్షును 10.3 నెలల నుంచి 12.3 నెలలకు పెంచింది.

అపోహ: విటమిన్ మాత్రలు ఊపిరితిత్తులను కాపాడతాయి, నష్టమైతే ఉండదు.

ఫిన్లాండ్‌లో 29,133 మంది మగ పొగరాయుళ్లపై చూశారు. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో అధ్యయనాన్ని 1996లో మధ్యలోనే ఆపేశారు. 18 శాతం అంటే నూటికి 18 మంది అనుకుని భయపడకండి. పది వేల మందిని ఏడాది గమనిస్తే 47 బదులు 56 మందికి వచ్చిందని అర్థం. క్యారెట్ కూర నిరభ్యంతరంగా తినండి.

అపోహ: పాలియేటివ్ కేర్‌కి పంపారంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టే.

2010లో బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనంలో 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లున్నారు. కీమోతో పాటు మొదటినుంచీ పాలియేటివ్ వైద్యం (నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే వైద్యం) అందినవాళ్లకు దిగులు తక్కువగా ఉంది. మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటిన కాలం) కూడా 8.9 నెలల బదులు 11.6. చిన్న అధ్యయనం కాబట్టి ఆయుష్షు సంగతి నేను గట్టిగా చెప్పను, బతికే తీరు మెరుగవుతుందని మాత్రం చెబుతాను. ఆకలి నిలబెట్టడం కూడా ఇందులో భాగమే. పుదుచ్చేరి జిప్మర్ ఆసుపత్రిలో, ఆకలి కోసం కీమో తీసుకుంటున్నవాళ్లకు రోజూ 2.5 మిల్లీగ్రాముల ఒలాంజపిన్ ఇచ్చి చూశారు. 60 శాతం మంది 5 శాతానికి పైగా బరువు పెరిగారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9 శాతం. చవక మందు. మత్తుగా ఉంటుంది, డాక్టర్ రాయకుండా కొనకండి.

అపోహ: ఛాతీలో నీరు తీస్తే ఇంకా ఊరుతుంది.

నీరు ఊరేది ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరకు జబ్బు పాకడం వల్ల. తీసినా తీయకపోయినా ఊరుతుంది, తీస్తే ఆయాసం తగ్గుతుంది. ఒకేసారి లీటరున్నరకు మించి తీయకపోవడం మామూలు జాగ్రత్త. పదేపదే ఊరితే రెండు దారులున్నాయి. టాల్క్ అనే పొడి పంపి పొరలు అతుక్కునేలా చేయడం ఒకటి, ఇంట్లోనే నీరు తీసుకునేలా సన్నని గొట్టం అమర్చడం రెండోది. బ్రిటన్‌లో 106 మందిలో వీటిని పోల్చి 2012లో రాశారు. 42 రోజులపాటు చూస్తే ఆయాసం తగ్గడంలో తేడా లేదు. గొట్టం పెట్టించుకున్నవాళ్లకు ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయి, మళ్లీ నీరు తీయించుకునే అవసరమూ తక్కువే పడింది. ఇబ్బందులు మాత్రం 40 శాతం మందికి వచ్చాయి, టాల్క్ వైపు 13 శాతం మందికే. కాబట్టి నేను ఇంటి పరిస్థితి అడుగుతాను: బాటిల్ మార్చే మనిషి ఎవరు, ఆసుపత్రి ఎంత దూరం, గొట్టం చుట్టూ ఎర్రబడితే అదే రోజు రాగలరా?