పచ్చబడ్డ కళ్లు, పారాసిటమాల్ బిళ్ల

మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టులో అన్నీ మామూలుగానే ఉంటాయి. బిలిరుబిన్ ఒక్కటే 2 దాటి ఉంటుంది. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఒకరు పచ్చకామెర్లని తేల్చేస్తారు, ఇంకొకరు పసరు మందు ఇచ్చే ఊరి పేరు చెబుతారు, చప్పిడి పత్యం మొదలవుతుంది. తీరా డాక్టరు చూసి, ఇది గిల్బర్ట్ సిండ్రోమ్, పుట్టుకతో వచ్చింది, మందు అక్కర్లేదు అంటాడు. అప్పుడొచ్చే ప్రశ్న మాత్రం సరైనదే: జ్వరమొస్తే డోలో, అంటే పారాసిటమాల్ బిళ్ల, వేసుకోవచ్చా?

పాతబడిన ఎర్ర రక్తకణాలు విరిగితే పసుపు రంగు బిలిరుబిన్ పుడుతుంది. అది నీళ్లలో కరగదు. లివర్‌లోని యూజీటీ1ఏ1 అనే ఎంజైమ్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తేనే పైత్యరసంలో కలిసి బయటికి పోతుంది. ఈ ఎంజైమ్ జన్యువుకు ముందుండే భాగంలో 'టీఏ' అనే డీఎన్‌ఏ అక్షరాల జంట మామూలుగా ఆరుసార్లు వస్తుంది. గిల్బర్ట్ ఉన్న చాలామందిలో ఏడుసార్లు ఉందని 1995లో తేలింది. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ అలాంటి ప్రతే వస్తే ఎంజైమ్ పని మూడో వంతుకు పడిపోతుంది. రెండంటే రెండక్షరాలు ఎక్కువైనందుకు!

పారాసిటమాల్‌లో సగం దాకా పోయేదీ ఇదే పద్ధతిలో, గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించుకునే. మూడో వంతు దాకా సల్ఫేటుతో కలిసి పోతుంది. మిగిలిన కొద్ది భాగం నాప్‌క్వి అనే విషంగా మారుతుంది. లివర్‌లోని గ్లుటాథయోన్ దాన్ని అక్కడికక్కడే అణిచేస్తుంది. మోతాదు మితిమీరితే గ్లుటాథయోన్ అడుగంటుతుంది, విషం లివర్ కణాల మీద పడుతుంది.

మరి గిల్బర్ట్ వల్ల ఈ మొదటి దారి ఇరుకైనవాళ్లలో విషం ఎక్కువ పుట్టాలి కదా? కెనడా పరిశోధకులు ముందు ఎలుకల్లో చూశారు. గన్ జాతి ఎలుకలకు యూజీటీ1ఏ1 ఎంజైమ్ పుట్టుకతోనే పనిచేయదు. పారాసిటమాల్ వాటికి మామూలు ఎలుకల కన్నా ఎక్కువ చేటు చేసింది. 1992లో గిల్బర్ట్ ఉన్న కొద్దిమంది మనుషుల్లోనూ మొదటి దారి మందగించి, విషపు దారి పెరిగినట్టు కనిపించింది. చిక్కేమిటంటే, అంతకుముందు 1987లో జరిగిన ఇంకో పరిశీలనలో తేడా ఏమీ దొరకలేదు.

ఈ పేచీని కొంతవరకు విడదీసింది 2001లో మనిషి లివర్ నమూనాలపై జరిగిన పని. పారాసిటమాల్‌కు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించే ఎంజైముల్లో ముఖ్యమైనవి మూడున్నాయి. మామూలు మోతాదులో ఎక్కువ బరువు మోసేవి యూజీటీ1ఏ6, యూజీటీ1ఏ9. గిల్బర్ట్‌లో బలహీనపడే యూజీటీ1ఏ1 వాటా పెరిగేది మందు విషమయ్యే స్థాయికి చేరినప్పుడే. నాకు ఇదే అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. జ్వరానికి వేసుకునే ఒకటి రెండు బిళ్లలకు భయపడక్కర్లేదని డాక్టర్లు చెప్పేది అందుకే. రోజుకు 4 గ్రాముల హద్దు ఎవరికైనా ఉన్నదే, గిల్బర్ట్ ఉన్నవాళ్లు దాన్ని ఇంకాస్త గట్టిగా పాటించాలి. జలుబు బిళ్లల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలుపుకోవాలి.

ఇక ఆ పత్యం సంగతి. ఒకప్పుడు గిల్బర్ట్ అవునో కాదో తేల్చడానికి రోజుకు 400 కేలరీల తిండి మాత్రమే పెట్టి చూసేవారు. కడుపు మాడితే వీళ్ల బిలిరుబిన్ పెరుగుతుంది కాబట్టి. తిండి తగ్గితే పారాసిటమాల్ విషాన్ని అణిచే గ్లుటాథయోన్ నిల్వా తగ్గుతుంది. అంటే కామెర్లు తగ్గాలని పెట్టిన పత్యమే ఆ విషాన్ని అణిచే బలాన్ని తగ్గిస్తుంది, కళ్లను ఇంకాస్త పచ్చగా చేస్తుంది.