వెతకమంటే సరిపోదు: నెట్ పాఠం వెనుక ముప్పై ఏళ్లు

"2009 కర్నూలు వరద గురించి నెట్‌లో చూసి రాసుకురండి" అంటే తరగతి తరగతంతా ఒకే పేరా దించుకొస్తుంది. తప్పు పిల్లలది కాదు, ఇచ్చిన పనిది. దీనికి విరుగుడు వెబ్ కొత్తగా ఉన్న రోజుల్లోనే పుట్టింది.

1995లో అమెరికాలోని శాన్ డియేగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్ 'వెబ్‌క్వెస్ట్' పద్ధతిని రూపొందించారు. లింకులు టీచరే ఏరి ఇస్తారు. పిల్లలు వెతుకులాటలో పొద్దు పుచ్చకుండా, చదివినదాన్ని బట్టి ఏదో ఒకటి తేల్చాలి. చిన్నదైతే ఒకటి నుంచి మూడు పీరియడ్లు చాలు.

అదే ఏడాది ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ఇంటర్నెట్‌ను జనానికి అందించింది. బడికి మాత్రం ఎక్కువగా చూసే సరుకే చేరింది: 2004లో పాఠాలు ప్రసారం చేసే ఉపగ్రహం ఎడ్యుశాట్, 2017లో పాఠాల వెబ్‌సైట్ దీక్ష, 2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతికి ట్యాబులు, ఆపైన గోడకు డిజిటల్ తెరలు. పరికరం మారినప్పుడల్లా పాఠం కొత్తగా వచ్చింది, పిల్లలు చేయాల్సిన పని రాలేదు.

కర్నూలు వరదనే తీసుకోండి. హంద్రీ, తుంగభద్ర కలిసే ఊరు ఇది. "మళ్లీ అంత నీళ్లొస్తే సహాయ శిబిరం ఎక్కడ పెట్టాలి?" అని అడిగితే జవాబు ఏ పేజీలోనూ ఉండదు. జట్టుకు నలుగురే, ఐదోవాడుంటే ఊరికే కూర్చుంటాడు. ఒకరికి 2009 అక్టోబరు 2 నాటి వార్తలు, ఒకరికి ఊరికి దిగువనున్న శ్రీశైలం జలాశయం నీటిమట్టాలు, ఒకరికి గూగుల్ ఎర్త్‌లో వీధుల ఎత్తు, ఒకరికి ఇంట్లో పెద్దవాళ్లను అడిగే పని. ఎవరి కాగితం వారిదే కాబట్టి పక్కవాడిని చూసి రాసే వీలుండదు.

తేడా కొట్టేది కొలతల దగ్గర. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ వరదలో అదీ దాటింది. గూగుల్ ఎర్త్ మీటర్లలో చూపుతుంటే పిల్లలు రెండంకెలనూ పక్కపక్కన పెట్టి ఊరు మొత్తం నీళ్ల అడుగున ఉందంటారు. 885ను 0.3048తో గుణిస్తే దాదాపు 270 మీటర్లు. పైగా ఆ ఎత్తులు కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటాయి. దూరంగా ఉన్న వీధులను పోల్చాలే గానీ పక్కపక్క ఇళ్లను కాదు.

నెట్‌ను నమ్ముకోకండి: పేజీలు ముందురోజే పీడీఎఫ్‌గా దాచుకోవాలి, చదవాల్సిన పేరాకు గుర్తు పెట్టాలి. పది మార్కుల్లో నాలుగు కారణానికి, మూడు ఆధారానికి, మూడు అవతలి జట్టు అభ్యంతరానికి ఇచ్చే జవాబుకు. రెండు జట్లు రెండు చోట్లు చెబితే టీచరు తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. మూడో పీరియడు ఆ వాదనకే.