మిల్లీమీటరులో మూడో వంతు

మా ఆడపడుచు కూతురికి కార్తీకంలో కాన్పు అని తెలిసి, పుట్టబోయే బిడ్డకు స్వెట్టర్ అల్లుదామని నేనూ మా పిన్నీ అనుకున్నాం. వీపు ముక్క గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో నేను అల్లాను. ముందు ముక్క విజయవాడ సత్యనారాయణపురంలో పిన్ని అల్లింది. ఊలు ఒకే కొట్లో ఒకేసారి కొన్నది. సూదులు ఇద్దరివీ 10వ నంబరు, అంటే మూడుంపావు మిల్లీమీటర్ల లావు. ఎక్కించిన కుట్లు ఇద్దరివీ 60. దసరాకి వచ్చినప్పుడు పిన్ని తన ముక్క తీసి నా ముక్క మీద పరిచింది. నాది 24 సెంటీమీటర్లు, ఆమెది 26.

"లెక్కపెట్టవే, ఎక్కడో నాలుగు కుట్లు ఎక్కువ పడి ఉంటాయి" అంది. లెక్కపెట్టాను. రెండింట్లోనూ సరిగ్గా 60.

60 కుట్ల మీద 2 సెంటీమీటర్లు అంటే ఒక్కో కుట్టుకు మిల్లీమీటరులో మూడో వంతు తేడా. కంటికి ఆనదు. కానీ అది ఎక్కడో ఒకచోట కాకుండా ముక్కంతా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. పొరపాటైతే అలా ఉండదు. ఇద్దరం దారం పట్టుకునే పద్ధతి వేరు. నేను కాన్వెంట్ హాస్టల్లో చదువుకున్న మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను, కుడిచేత్తో దారం పట్టి సూది చుట్టూ తిప్పుతాను. పిన్ని, బాబాయి రైల్వే ఉద్యోగంలో ఊళ్లు తిరిగినప్పుడు క్వార్టర్స్‌లో ఇరుగుపొరుగు ఆడవాళ్లను చూసి నేర్చుకుంది, ఎడమచేత్తో పడుతుంది. ఆమె దారాన్ని తిప్పదు, సూది మొనతో గీరుకుని లాగుతుంది.

నేసిన బట్టలో ఈ పేచీ ఇంతగా రాదు. మా రెండు ఊళ్ల మధ్యలోనే ఉన్న మంగళగిరిలో మగ్గం మీద పడుగు పోగులు దువ్వెన పళ్లలాంటి సన్నటి సందుల్లోంచి వస్తాయి. పోగుకీ పోగుకీ ఎంత ఎడం ఉండాలో మగ్గమే చెబుతుంది. అల్లికలో పడుగూ పేకా లేవు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా వంగి, పై ఉచ్చు కింది ఉచ్చులోంచి బయటికి వస్తుంది. సూది లావు కొంత కొలత ఇస్తుంది. మిగతాదంతా వేళ్లే కొలవాలి.

ఒక కుట్టులో ఎంత దారం ఉందనేదే అసలు సంగతి. 1959లో మండెన్ అనే వస్త్ర శాస్త్రవేత్త మామూలు అల్లిక బట్టల్ని కొలిచి ఒక తేలికైన సూత్రం చెప్పాడు: బట్ట ఏ లాగుడూ లేకుండా సేదతీరిన స్థితిలో ఉన్నప్పుడు దాని కొలతలను ప్రధానంగా నిర్ణయించేది ఉచ్చులోని దారం పొడవే. చదరపు సెంటీమీటరుకు పట్టే కుట్ల సంఖ్య ఆ పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. పిన్ని ఉచ్చు నా ఉచ్చుకన్నా సుమారు 8 శాతం పొడవనుకుంటే, అంతే జాగాలో ఆమెకు పట్టే కుట్లు దాదాపు 15 శాతం తగ్గుతాయి. చిన్న తేడా పెద్దదయ్యేది ఇక్కడే. బనియన్లు అల్లే మిషన్లకు ఈ బాధ లేదు. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేసినప్పటి నుంచీ యంత్రం ప్రతి ఉచ్చుకూ కొలిచినట్టు దారం ఇస్తూనే ఉంది.

మరి వేలు ఎలా కొలుస్తుంది? కృష్ణ ఒడ్డున పడవ కట్టేవాళ్లను చూడండి. తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి కొసను ఒంటిచేత్తో పట్టుకుంటే చాలు, అంత పడవా ఆగుతుంది. ఆపేది చెయ్యి కాదు, గుంజకూ తాడుకూ మధ్య రాపిడి. ఇందులో చిత్రమేమిటంటే చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. రాపిడి గుణకం, అంటే రెంటి మధ్య రాపిడి ఎంతో చెప్పే సంఖ్య, 0.3 అనుకుంటే, అర చుట్టుకు తాడులో లాగుడు రెండున్నర రెట్లు అవుతుంది. ఒక పూర్తి చుట్టుకు ఆరున్నర రెట్లు. రెండు చుట్లకు 43 రెట్లు. 18వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చిన లెక్క ఇది.

ఇప్పుడు గుంజ బదులు చిటికెనవేలు, తాడు బదులు ఊలు అనుకోండి. నేను దారాన్ని చిటికెనవేలికి ఒక పూర్తి చుట్టు చుట్టి, చూపుడువేలి మీదుగా సూదికి పంపుతాను. పిన్ని వేళ్ల సందుల్లోంచి పోనిచ్చి చూపుడువేలి మీద ఊరికే ఆనిస్తుంది, చుట్టు లేదు. నా దారం బిగువుగా సాగి సూదికి చుట్టుకుంటుంది, సూది నుంచి దిగగానే ఊలు వెనక్కి ముడుచుకుంటుంది, ఉచ్చు చిన్నదవుతుంది. అందుకే "ఎడమచేతి అల్లిక వదులు, కుడిచేతి అల్లిక బిగువు" అని కొందరు చెప్పే మాటను నేను ఒప్పుకోను. పిన్ని చిటికెనవేలికి ఒక చుట్టు చుట్టుకుంటే ఆమెదీ బిగుస్తుంది. చెయ్యి ఏదన్నది కాదు, దారం వేళ్లకు ఎంత ఒరుసుకుని వస్తోందన్నది చూడాలి.

మన ఎండలు కూడా ఇందులో చెయ్యి పెడతాయి. చెమట పట్టి తేమగా ఉన్న చర్మానికి రాపిడి పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడలో అల్లిన వరసలూ, తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు అల్లిన వరసలూ ఒకే ముక్కలో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పిన్ని వేళ్లకు కాస్త పౌడర్ రాసుకుని కూర్చుంటుంది. మంచి అలవాటు.

చేతి అల్లికలో మూల కుట్లు రెండే. ఉచ్చును వెనక నుంచి ముందుకు లాగితే నిట్, ముందు నుంచి వెనక్కి తోస్తే పర్ల్. నిజానికి రెండూ ఒకటే, ఒకదాని వీపు ఇంకొకటి. నిట్ వైపు జడ పాయల్లా నున్నగా ఉంటుంది, పర్ల్ వైపు చిన్న చిన్న బొడిపెలు. ఈ రెంటినీ ఎలా కలిపామన్న దాన్ని బట్టే బట్ట సాగే తీరు మారిపోతుంది. అమెరికాలో జార్జియా టెక్‌లో ఎలిసబెట్టా మాట్సుమోటో అనే భౌతిక శాస్త్రవేత్త బృందం ఒకే దారంతో రకరకాల అల్లికలు చేసి, వాటి సాగుడును కొలిచి చూపించింది. స్వెట్టర్ అంచుకు ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున అల్లే పట్టీ రబ్బరులా ముడుచుకోవడం దానికి మనందరం చూసే ఉదాహరణ.

చిక్కు పర్ల్ దగ్గర వస్తుంది. ముక్కను అటూ ఇటూ తిప్పుతూ అల్లేటప్పుడు ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ పడుతుంది. ఎడమచేత్తో దారం పట్టేవాళ్లకు నిట్ పరుగులా సాగుతుంది, ఎందుకంటే దారం సూది వెనకే సిద్ధంగా ఉంటుంది. పర్ల్‌కు మాత్రం దారాన్ని ముందుకు తెచ్చి, సూది మీదుగా చుట్టూ తిప్పాలి. ఆ తిప్పడంలో చూపుడువేలు కిందికి వంగుతుంది, దారం కొంచెం జారుతుంది, ఉచ్చు పెద్దదవుతుంది. పిన్ని ముక్కను వెనక్కి తిప్పి కిటికీ వెలుతురులో పట్టుకున్నాం. రెండేసి వరసలకు ఒక సన్నటి గాడి కనిపించింది, దుక్కి చాళ్లలా. ఒక నిట్ వరసలోనూ, దాని పక్క పర్ల్ వరసలోనూ 20 కుట్ల మేర రంగు దారం కట్టి గుర్తుపెట్టి, విప్పి, దారాన్ని స్కేలు మీద పరిచాం. పర్ల్ దారమే పొడుగు. మూడు చోట్ల చూశాం, మూడు చోట్లా అంతే. నా ముక్కలోనూ ఆ తేడా ఉంది, కాకపోతే తక్కువ.

ఇందుకు తూర్పు దేశాల్లో పాతకాలం నుంచీ ఒక ఉపాయం ఉంది. పర్ల్‌లో దారాన్ని పైనుంచి చుట్టకుండా కింద నుంచి గీరుకోవడం. దారి దగ్గర, దారం తక్కువ పడుతుంది, నిట్ వరసతో సమానంగా వస్తుంది. దానికి ఒక షరతు ఉంది. సూది మీద ఉచ్చు, దండెం మీద ఆరేసిన పంచెలా ఉంటుంది: ఒక కొస ముందు, ఒక కొస వెనక. మామూలుగా ముందు కొస సూది మొనకు దగ్గరగా ఉంటుంది. ఉపాయపు పర్ల్‌లో వెనక కొస మొనకు దగ్గరగా వస్తుంది. కాబట్టి తర్వాతి వరసలో వెనక కొసలోంచే సూది దూర్చాలి. మొనకు దగ్గరున్న కొసలోంచి దూరిస్తే ఉచ్చు విచ్చుకుంటుంది. రెండో కొసలోంచి దూరిస్తే ఉచ్చు కాళ్లు మెలిక పడతాయి.

నేను మొదట అల్లిన బిడ్డ టోపీ సంగతి ఇదే. ఎన్ని కుట్లు వెయ్యాలో అన్నీ వేశాను, కొలత కూడా సరిగ్గానే ఉంది, అయినా బిడ్డ తలకు దిగలేదు. మెలిక పడిన కుట్టు పక్కకు సాగదు. పైగా టోపీని గుండ్రంగా అల్లితే ప్రతి కుట్టూ ఒకే వైపు మెలిక పడి, నిలువు గీతలు ఏటవాలుగా జరిగిపోతాయి. దాన్ని చాలా ఏళ్లు నా చేతకానితనం అనుకున్నాను. తెలిసి వేస్తే అదే మెలిక గుణం అవుతుంది. ఆల్ప్స్ కొండల ప్రాంతాల్లో మేజోళ్ల మీద ఉబ్బెత్తుగా కనిపించే నగిషీ అంతా ఈ మెలిక కుట్టే.

దారం పట్టుకోవడంలో మూడో పద్ధతి పోర్చుగీసుల పేరుతో చలామణీలో ఉంది, టర్కీలోనూ, దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లోనూ కూడా అల్లుతారు. దారాన్ని మెడ చుట్టూ తిప్పుకుని ముందుకు తెచ్చుకుంటారు. బిగువు చూసుకునే పని మెడది. దారం ఎప్పుడూ సూది ముందే ఉంటుంది కాబట్టి బొటనవేలితో ఒక్క విదిలింపుకు పర్ల్ పడిపోతుంది. ఇక్కడ పర్ల్ తేలిక, నిట్ కష్టం. పెరూలో టిటికాకా సరస్సులోని టకీలె దీవిలో టోపీలు అల్లేది మగవాళ్లే. మన ఉక్కలో మెడకు ఊలు చుట్టుకోవడం అయ్యే పని కాదు. నేను చీర పైటకు భుజం మీద పెట్టుకునే పిన్నీసులోంచి దారం పోనిచ్చి చూశాను, చక్కగా నడిచింది. వేళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది నిజంగా ఊరట, వేళ్లతో దారాన్ని పట్టి ఉంచే పని చాలావరకు తప్పుతుంది.

ఏది వేగం అని చాలామంది అడుగుతారు. దారం ప్రయాణించే దూరం తక్కువ కనుక ఎడమచేతి పద్ధతి వేగమని చెబుతారు. కానీ 2008లో పోటీలో 3 నిమిషాల్లో 262 కుట్లు వేసి గెలిచిన షెట్లాండ్ దీవుల హేజల్ టిండల్ కుడిచేత్తోనే దారం పడుతుంది. కుడి సూదిని నడుముకు కట్టిన తోలు పట్టీలో గుచ్చి కదలకుండా ఉంచుతుంది. ఎడమచేతి పద్ధతిని జర్మన్ పద్ధతి అనేవారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పేరు వల్లే ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో అది వెనకబడింది. తర్వాత అమెరికాలో దాన్ని మళ్లీ జనంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు ఇంగ్లండులో పుట్టిన ఎలిజబెత్ జిమ్మర్‌మాన్.

గుంటూరు పత్తి సీమ కాబట్టి నూలు సంగతి చెప్పకుండా ఉండలేను. మన వాతావరణానికి నూలు స్వెట్టర్లే హాయి. ఈజిప్టులో దొరికిన, ఇప్పటికి మిగిలిన అతి పాత అల్లిక మేజోళ్లలో నూలువి ఉన్నాయి. కానీ నూలు క్షమించదు. ఊలు పోగులో సహజంగా వంకులుంటాయి, తెగేలోపు 30 శాతం దాకా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. పక్క కుట్లు ఒకదాని వదులును ఇంకొకటి సర్దుకుంటాయి. పత్తి పోగు 7 శాతం దగ్గరే తెగిపోతుంది. కాబట్టి మీ చెయ్యి ఎంత దారం ఇచ్చిందో అంతా అలాగే బయటికి కనిపిస్తుంది. కొత్తవాళ్లు నూలుతో మొదలుపెట్టి, కుట్లు ఎగుడుదిగుడుగా వచ్చాయని బెంగపడి మానేస్తుంటారు. నాకు అది చాలా బాధ. ముందు ఊలుతో చెయ్యి కుదురుకోనివ్వండి.

సూది నంబర్ల గురించి ఒక్క మాట. మన కొట్లలో దొరికేవి పాత బ్రిటిష్ నంబర్లు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికా నమూనాల్లో 8 అంటే 5. అందుకే మిల్లీమీటర్లే చూడండి. 15 సెంటీమీటర్ల చదరం శాంపిల్ ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాకే అసలు ముక్క ఎత్తుకోండి. మేమిద్దరం ఆ పని చెయ్యలేదు.

"నా చెయ్యి ఇప్పుడెక్కడ మారుతుందే, అరవై దాటాయి" అంది పిన్ని. మార్చక్కర్లేదు. ముందు ముక్క మొత్తం విప్పేసి, ఊలును చిలపలా చుట్టి, నీళ్లలో తడిపి ఆరేశాం, పాత వంకులు పోవడానికి. పిన్ని 11వ నంబరు సూదులు తీసుకుంది, 3 మిల్లీమీటర్లు, 10వ నంబరుకన్నా 8 శాతం సన్నం. పర్ల్ వరసల్లో దారాన్ని కింద నుంచి గీరుకుని, నిట్ వరసల్లో వెనక కొసలోంచి దూర్చింది. నాలుగు రోజులు పట్టింది. గాళ్లు కనిపించలేదు. తడిపి, ఆరేసి, నా ముక్క మీద పరిచి కొలిచాం: 24 సెంటీమీటర్ల 3 మిల్లీమీటర్లు. ఆ సాయంత్రమే రెండు ముక్కలూ కలిపి కుట్టేసింది.