సొమ్మొకరిది, సోకొకరిది: మార్పులు వచ్చినప్పుడు లాభం ఎటు పోయింది

1455 నవంబర్ 6న జర్మనీలోని మైన్జ్ పట్టణంలో ఒక నోటరీ ఓ అప్పు తగాదాను రాతలో పెట్టాడు. అప్పు తీసుకున్నవాడు అచ్చుయంత్రం తయారుచేసిన గుటెన్‌బర్గ్. ఇచ్చినవాడు యోహాన్ ఫుస్ట్. మొదట 800 గిల్డర్లు (అప్పటి బంగారు నాణేలు), తర్వాత ఇంకో 800. వడ్డీతో కలిపి ఫుస్ట్ అడిగింది 2,026. తగాదా ఫుస్ట్‌కే అనుకూలంగా తేలింది. రెండేళ్ళకు మైన్జ్‌లో అచ్చయిన కీర్తనల పుస్తకం చివర ఫుస్ట్ పేరూ, పేటర్ షోఫర్ పేరూ కనిపిస్తాయి. ఈ షోఫర్ గుటెన్‌బర్గ్ దగ్గర పనిచేసినవాడే. గుటెన్‌బర్గ్‌కు చివరికి దక్కింది 1465లో ఆర్చిబిషప్ ఇచ్చిన భరణం: ఏటా బట్టలు, ధాన్యం, వైన్.

ఏఐ వచ్చాక ఎవరు బాగుపడతారు, ఎవరి పొట్ట కొడతారు అని ఇప్పుడు అందరికీ టెన్షన్. యంత్రం ఏం చేయగలదన్న దాని మీదే చర్చంతా నడుస్తోంది. పాత కేసులు తిరగేస్తే మాత్రం లాభం ఎటు పోవాలో తేల్చింది యంత్రం కాదు, దాని చుట్టూ రాసుకున్న కాగితాలు.

కాగితం ఉంటే చాలదు, దాన్ని అమలు చేయించే బలం కూడా కావాలి. పత్తి నుంచి గింజలు తీసే యంత్రానికి అమెరికాలో ఎలీ విట్నీ 1794లో పేటెంట్ తీసుకున్నాడు. గింజ తీసిన పత్తిలో అయిదింట రెండు వంతులు తనకివ్వాలన్నాడు. తోటల యజమానులు ఆ మాట పట్టించుకోకుండా యంత్రాన్ని కాపీ కొట్టేశారు. విట్నీకి ఏళ్ళ తరబడి కోర్టులే మిగిలాయి. గింజ తీయడం తేలికైంది కాబట్టి పత్తి సాగు విపరీతంగా పెరిగింది. 1790లో 7 లక్షలు ఉన్న బానిసల సంఖ్య 1860 నాటికి 40 లక్షలకు చేరువైంది. శ్రమ తగ్గించే యంత్రమని ఎవరి వైపు నుంచి అంటున్నామో చూసుకోవాలి.

దీనికి భిన్నంగా నడిచిన కేసు ఒకటుంది, అది ఓడరేవులది. కంటైనర్లు రాకముందు సరుకంతా మనుషుల చేతుల మీదుగానే ఓడ ఎక్కేది. కూలీ చేతిలో ఇనుప కొక్కెం, దాంతో బస్తాకో బస్తా, పెట్టెకో పెట్టె లాగడం. ఓడ రోజుల తరబడి రేవులోనే నిలబడేది. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే ట్రక్కుల వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ ఓడ మీద 58 కంటైనర్లను న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. మామూలుగా టన్ను ఎక్కించడానికి 5.83 డాలర్లు అయ్యేచోట ఆ రోజు 16 సెంట్లు కూడా కాలేదని లెక్క తేలింది. అంటే పోయేది ఎవరి కూలో రేవులో ఎవరూ చెప్పక్కర్లేదు.

అమెరికా పశ్చిమ తీరంలో కూలీల సంఘానికి హ్యారీ బ్రిడ్జెస్ నాయకుడు. యంత్రాలను ఎలాగూ ఆపలేం, వాటి ధర మాత్రం అడుగుదాం అన్నది ఆయన ధోరణి. 1960లో ఒప్పందం కుదిరింది. యజమానులు ఏడాదికి 50 లక్షల డాలర్లు నిధిలో వేయాలి, రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళను తీసేయకూడదు, పాతికేళ్ళు పనిచేసి 65 ఏళ్ళకు దిగిపోయేవాళ్ళకు 7,920 డాలర్లు ఇవ్వాలి. అయితే ఈ భరోసా పూర్తిస్థాయి సభ్యులకే. రెండో తరగతి కూలీలు బయటే ఉండిపోయారు. గొప్పగా చెప్పుకునే ఒప్పందంలోనూ ఆ గీత ఉంది.

రాజకీయాల్లో కథ ఇంకా మొరటుగా ఉంటుంది. 1992లో రష్యా ప్రభుత్వ సంస్థల్లో వాటా కోసం ప్రతి పౌరుడికీ 10,000 రూబుళ్ళ విలువైన వోచర్ ఇచ్చింది. వినడానికి ఇంతకంటే సమానత్వం ఏముంది! కానీ ధరలు మండిపోతూ, జీతాలు అందక చాలామంది వాటిని చౌకగా అమ్ముకున్నారు. చేతిలో నగదు ఉన్నవాళ్ళు పోగేసుకున్నారు. 1995లో నికెల్ తవ్వే నొరిల్స్క్ నికెల్ అనే సంస్థలో 38 శాతం వాటాను ప్రభుత్వం అప్పు కోసం తాకట్టు వేలానికి పెట్టింది. 35.5 కోట్ల డాలర్ల పాటను తోసిపుచ్చారు. 17.01 కోట్లకు వేలం ముగిసింది. పాట పాడి గెలిచింది వేలం నిర్వహించిన బ్యాంకు వర్గమే.

ఇక ఇంటర్నెట్. 1993 ఏప్రిల్ 30న వెబ్ సాఫ్ట్‌వేర్‌ను యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసిచ్చింది. దారి అందరిదీ అయింది కానీ దారి మొదట్లో గుమ్మం ఒకటి లేచింది. ఫోన్ తెరవగానే ముందే అమర్చిన సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఒక్క ఆపిల్‌కే దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని కోర్టు విచారణలో బయటపడింది. సెట్టింగ్ మార్చుకోవడానికి అడ్డేమీ లేదు. మార్చుకునే ఓపిక మనకు ఉండదన్న నమ్మకానికే అంత డబ్బు.

2024 ఆగస్టులో అమెరికా కోర్టు గూగుల్‌ది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమే అంది. 2025 సెప్టెంబరులో శిక్ష ఖరారు చేస్తూ, గూగుల్ ఒక్కదాన్నే పెట్టుకోవాలన్న ఒప్పందాలను నిషేధించింది. ఆ నిషేధాన్ని గూగుల్ వాళ్ళ జెమినై ఏఐ యాప్‌కు కూడా వర్తింపజేసింది. ముందే అమర్చినందుకు డబ్బు చెల్లించడాన్ని మాత్రం ఆపలేదు.