భూసేకరణ వివాదం: ‘లేదా’ అన్న ఒక్క మాట చుట్టూ

పాత చట్టం కింద ఎప్పుడో సేకరించిన భూములు ఇంకా ప్రభుత్వానివేనా, రైతులకు తిరిగి దక్కుతాయా అన్న తగవు మళ్లీ చర్చకు వచ్చింది. ఆ పాత చట్టమైన 1894 నాటి భూసేకరణ చట్టం సంగతీ, 1978లో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి తొలగిన వైనమూ పాఠకులకు తెలిసినవే. ఇప్పటి వివాదమంతా దాని స్థానంలో వచ్చిన 2013 భూసేకరణ చట్టంలోని 24(2) సెక్షన్‌లో, నిజానికి అందులోని ‘లేదా’ అన్న ఒక్క మాటలో ఉంది.

ఆ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అప్పటికే అవార్డు (పరిహారాన్ని నిర్ణయించే ఉత్తర్వు) ఇచ్చి అయిదేళ్లు దాటిన సేకరణల్లో భూమిని భౌతికంగా స్వాధీనం చేసుకోకపోయినా, లేదా పరిహారం చెల్లించకపోయినా, ఆ సేకరణ మురిగిపోయినట్టేనని, అంటే చెల్లకుండా పోయినట్టేనని, ఆ సెక్షన్ చెప్పింది. ఏ ఒక్కటి లోపించినా చాలునన్నమాట. అదే నెలలో పుణె నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం యజమానుల పక్షాన తీర్పిచ్చింది. ఉద్యానవనం కోసం తీసుకున్న సుమారు 44 ఎకరాలకు 2008లో అవార్డు ఇచ్చిన అధికారులు రూ.27 కోట్లు ప్రభుత్వ ఖజానాలో జమచేసి ఊరుకున్నారు. ఖజానాలో పడిన సొమ్ము యజమానికి ముట్టినట్టు కాదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు ఆధారంగా దేశమంతటా ఎన్నో సేకరణలు రద్దయ్యాయి.

2018లో మరో త్రిసభ్య ధర్మాసనం 2-1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చడంతో విషయం అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లింది. 2018 తీర్పు రాసిన జస్టిస్ అరుణ్ మిశ్రాయే దానికీ నేతృత్వం వహించారు; తప్పుకోవాలని భూయజమానులు కోరినా ఆయన అంగీకరించలేదు. 2020 మార్చి 6న, ఇండోర్ అభివృద్ధి సంస్థ కేసులో, అయిదుగురు న్యాయమూర్తులు ‘లేదా’ను ‘మరియు’గా చదవాలన్నారు. అంటే స్వాధీనం, చెల్లింపు రెండూ జరగకపోతేనే సేకరణ మురిగిపోతుంది.

రైతుకు ఇది ఎంత పెద్ద దెబ్బో స్వాధీనం కోసం రాసే పంచనామాను చూస్తే తెలుస్తుంది. రెవెన్యూ సిబ్బంది చేనుగట్టు మీద నిలబడి సర్వే నంబరు, హద్దులు రాసుకొని, సాక్షుల సంతకాలు తీసుకొని వెళ్లిపోతారు. రైతు మాత్రం అదే చేలో దున్నుతాడు, విత్తుతాడు, ఏటేటా పంట ఇంటికి తెచ్చుకుంటాడు. అయినా ఖాళీ భూమి విషయంలో ఆ కాగితంతోనే స్వాధీనం పూర్తయిందనీ, ఆ తర్వాత కూడా అక్కడ ఉన్నవారు ఆక్రమణదారులేననీ రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. తన చేలో తానే ఆక్రమణదారు కావడం కంటే రైతుకు మించిన అన్యాయం ఏముంటుంది?

పరిహారం ఇవ్వజూపితే కావాలనే తిరస్కరించి, స్టే ఉత్తర్వులతో ఏళ్లు గడిపినవారు ఆ జాప్యం నుంచే లబ్ధి పొందరాదన్నది ప్రభుత్వాల వాదన. కోర్టు దాన్ని ఆమోదించి, స్టే అమల్లో ఉన్న కాలాన్ని అయిదేళ్ల లెక్కలోంచి మినహాయించింది.

అయితే 2024 మేలో, కోల్‌కతా నగరపాలక సంస్థకు సంబంధించిన కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదనే రాజ్యాంగంలోని 300ఎ అధికరణ కింద యజమానికి ఏడు హక్కులున్నాయని వివరించింది. వాటిలో చివరిదాని ప్రకారం, పరిహారం చెల్లించినంత మాత్రాన సేకరణ ముగియదు. భూమిని భౌతికంగా స్వాధీనం చేసుకోకపోతే అది అసంపూర్ణమే. అయిదుగురు న్యాయమూర్తుల తీర్పును ఇద్దరు మార్చలేరు. చేలో పంట నిలిచే ఉన్న రైతు పిటిషన్‌ను ఈ రెండింటిలో దేని వెలుగులో చూడాలన్నదే ఇప్పటి వివాదం.