డిస్కౌంట్ ఫర్నిచర్: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పదిహేనేళ్లుగా ఫర్నిచర్ బిగించడం, రిపేర్ చేయడం నా పని. ఆషాఢం సేల్ బోర్డులు పడగానే ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, సగం ధరకే ఇస్తున్నారు, తీసుకోమంటావా?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డిస్‌ప్లే పీస్ (షాపులో చూపించడానికి బిగించి పెట్టిన వస్తువు) అంటే వాడేసిన సరుకు.

వాస్తవం: నా లెక్కలో షాపులో దొరికే మంచి బేరం అదే. కొత్త మోడల్ పెట్టడానికి చోటు కావాలి, అందుకే పాతది తగ్గించి ఇస్తారు. పైగా బిగించిన వస్తువు మీ కళ్లముందే ఉంటుంది. కాకపోతే ముందు భాగం చూసి మురిసిపోవద్దు. వార్డ్‌రోబ్‌ను గోడ నుంచి జరిపించి వెనక షీటు చూడండి. అడుగు అంచును వేలితో తడమండి. నేల తుడిచిన నీళ్లు తగిలేది అక్కడే. పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) ఒకసారి నీళ్లు తాగి ఉబ్బిందంటే ఎండినా మామూలు కాదు. తర్వాత తలుపు తెరిచి కొంచెం పైకెత్తండి. ఊగితే హింజ్ (తలుపు బందు) స్క్రూలు పట్టు వదిలినట్టే. ఈమధ్య ఒక టీచరమ్మ ఇంట్లో అలాంటి తలుపు విప్పితే, స్క్రూతో పాటు తవుడులా పొట్టు రాలింది. ఆ రంధ్రంలో ఇంక ఏ స్క్రూ నిలవలేదు. హింజ్‌ను రెండంగుళాలు పైకి జరిపి బిగించాల్సి వచ్చింది.

అపోహ: 70 శాతం తగ్గిందంటే అంత డబ్బు మిగిలినట్టే.

వాస్తవం: గీత కొట్టి చూపించే పాత ధరను వదిలేయండి. అదే సైజు, అదే చెక్క ఇంకో రెండు చోట్ల ఎంతకు ఇస్తున్నారో అడగండి. ఆన్‌లైన్‌లో 'ఇంజనీర్డ్ వుడ్' అని ఉంటే చాలావరకు పార్టికల్ బోర్డు గానీ, ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) గానీ అయి ఉంటుంది. 'టేక్ ఫినిష్' అంటే టేకు రంగు, టేకు కాదు.

అపోహ: మంచం చవగ్గా దొరికితే చాలు, పరుపు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: 78x72, 78x60 అంగుళాల పరుపులు సులువుగా దొరుకుతాయి. క్లియరెన్స్‌లో (మిగిలిన సరుకు వదిలించుకునే సేల్‌లో) ఉండేవాటిలో వేరే కొలతల మంచాలూ ఉంటాయి. వాటికి పరుపు ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి. మంచంలో తగ్గిన డబ్బు అక్కడ పోతుంది. టేపు వెంట తీసుకెళ్లండి.

అపోహ: బిల్లు వద్దంటే ఇంకా తగ్గుతుంది, క్లియరెన్స్ సరుకుకు బిల్లెందుకు?

వాస్తవం: చెక్క ఫర్నిచర్‌పై జీఎస్టీ 18 శాతం కాబట్టి ఆశ పుడుతుంది, నిజమే. కానీ రేపు ఏదైనా తేడా వస్తే మీ చేతిలో ఆధారం ఉండదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడమూ తప్పే. గీతో, చొట్టో చూపించి తగ్గించి ఇస్తుంటే, అదొక్కటే లోపమని బిల్లు మీద రాయించుకోండి. షాపువాళ్లు మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

ఆన్‌లైన్ సరుకైతే పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి వీడియో తీయండి. ఆర్డర్ పెట్టకముందే మీ మేడమెట్ల మలుపు కొలవండి. మూడు సీట్ల సోఫా ఆ మలుపులో ఇరుక్కుని, కిందికి దించలేక పైకి ఎక్కించలేక ఇంటిల్లిపాదీ టెన్షన్ పడటం నేను చాలాసార్లు చూశాను.